నీళ్లు అడిగినవాడు

తెప్పలపాలెం ప్రార్థన మందిరం దినచర్య. రాస్తున్నది దైవాధీనం, మందిరం కాపరి. పాస్టరు చదువు నాకు లేదు. వలలు కుట్టుకుంటూ వాక్యం చదువుకున్నాను, చదివింది నోట్లో దాచుకోలేక బోధకుణ్ణయ్యాను. ప్రతి మందిరంలోనూ జరిగింది రాసిపెట్టాలని పాలెం సభవారి ఆజ్ఞ. రాయమన్నది వాళ్లే గనుక చదివాక నన్ను తిట్టుకునే హక్కు వాళ్లకు లేదు.

మంచు నెల, మొదటి ఆదివారం

పొద్దున్నే గంటకు పట్టిన ఉప్పు గీకాను. తలుపు బందులకు నూనె వేశాను. మన మందిరం తెప్పను పక్క తెప్పకు కట్టే గొలుసు తుప్పు తినేస్తోంది, మార్చాలి. మంచు వల పిండితే ఒక చెంబు నీళ్లొచ్చాయి.

పాలెం మొత్తం మీద ఇంకా మంచు వల కట్టేది నేనొక్కణ్ణే. చీకటి పడేముందు వల కట్టుకుంటే సముద్రం మీంచి వచ్చే మంచు దాని మీద దిగుతుంది, తెల్లారి పిండుకుంటే తియ్యటి నీళ్లు. ఊళ్లు మునిగి తెప్పలెక్కిన కొత్తలో మా తాతలు ఇలాగే బతికారు. ఇప్పుడు ఇంటి ముందు వల కనిపిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరట.

ఆరాధన అయ్యాక చెంబు కానుక. ఇంటికొక చెంబు మంచినీళ్లు తెచ్చి మందిరంలోని రాతి తొట్టిలో పొయ్యడం మన ఆచారం. పోసేటప్పుడు చప్పుడు వినపడాలి, అందుకే తొట్టిని లోతుగా కట్టారు. ఆ నీళ్లు వారమంతా జబ్బుపడ్డవాళ్లవి. ఈ రోజు చెంబుతో వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. మిగతావాళ్లు కూర్చున్నచోటు నుంచే ఫోనులో బొట్లు పంపారు. ఎవరెంత పంపారో గోడ మీద పలకలో వెలుగుతుంటే వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయారు. చప్పుడు మాత్రం లేదు.

బొట్టు పాలెం సభ పుట్టించిన నాణెం. చేతికి దొరకదు, ఫోనులో ఉంటుంది. చూపించినవారికి ప్లాంటువాళ్లు ఒక బిందె మంచినీళ్లు ఇవ్వాలని దాని మీదే రాసి ఉంటుంది. సముద్రపు నీటిలో ఉప్పు తీసే ప్లాంటు మనకు ఒక్కటే కనుక, పంపకంలో తలలు పగలకూడదని ఇంటికిన్ని అని బొట్లు పంచారు. మంచి ఏర్పాటే. వాక్యంలోని ఎడారి జనం కరిగించి బంగారు దూడను పోతపోసి మొక్కేదాకా వాళ్ల చెవిపోగులు కూడా మంచి నగలే.

ఇప్పుడు బొట్టును ఇక్కడివాళ్లే కాదు, మునగని గట్టు మీది వర్తకులు కూడా కొంటున్నారు. వాళ్లకు మన నీళ్లతో పనిలేదు. రేపు ఇంకొకడు ఎక్కువకు కొంటాడన్న ధీమాతో కొంటున్నారు. ఆ ఇంకొకడికీ ఇదే ధీమా.

మంచు నెల, రెండో బుధవారం

అక్క ఇంటికి వెళ్లి గొలుసు బిగించి వచ్చాను. మా అక్క లేయమ్మకు రెండు కిడ్నీలూ పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఒక మిషను ఉంది, వారం వారం ఆమె రక్తం కడుగుతుంది. కడిగిన ప్రతిసారీ దానికి పది బిందెల మంచినీళ్లు కావాలి. అందుకని సభవారు అక్క పేరున రోగి వాటా కింద అదనంగా బొట్లు ఇస్తారు.

ఆ బొట్లన్నిటికీ మా బావ జ్ఞానరత్నం తాళం వేశాడని ఈ రోజు తెలిసింది. తాళం అంటే కోతల పండుగ దాకా వాటిని ముట్టుకోనని ఒప్పుకోవడం. అలా ఒప్పుకున్నవారికి సగానికి సగం అదనంగా ఇస్తారట. ఎక్కణ్ణించి ఇస్తారని అడిగాను. తర్వాత తాళం వేసేవాళ్ల దగ్గర నుంచి అన్నాడు, అదేదో గొప్ప సంగతైనట్టు.

బావ చెడ్డవాడు కాడు, అది రాయకపోతే అబద్ధమవుతుంది. గట్టు మీద పెద్దాసుపత్రిలో మనిషి కణాలు తీసి కుండీలో కొత్త కిడ్నీ పెంచి అమరుస్తున్నారు. ఖరీదు మనలాంటివాళ్లు పలకడానికి కూడా భయపడేంత. అక్కకు అది కొనాలని బావ పట్టు. ప్రస్తుతానికి రోజువారీ పంపు నీళ్లతో మిషను నడుపుతున్నాడు, మిగతాదంతా తాళంలో ఉంది.

నేను వాక్యం ఎత్తబోతే ఆపేశాడు. "బామ్మర్దీ, నువ్వు తెల్లారి లేచి వల పిండుకుంటన్నావు. నాను నిద్దరోతా సంపాయిస్తన్నాను. మనిద్దర్లో దేవుడు ఎవుణ్ణి దీవించినాడో నువ్వే సెప్పు."

చెప్పాను. విని నవ్వి ఫోను చూసుకున్నాడు.

మంచు నెల, మూడో శుక్రవారం

పంపు నీళ్లు ఇకమీదట రోజు విడిచి రోజు. సంగతేమిటో కనుక్కుందామని ప్లాంటుకు వెళ్లాను. అక్కడ తూము కాపలా అప్పలనర్సమ్మది. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. మన సంఘం కాదు, కానీ ప్రతి పండుగకూ మా ఇంటికి భోజనానికి వస్తుంది. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్లి మిషన్ల గది చూపించింది.

వరసగా నిలబెట్టిన లెక్కల మిషన్లు, కొలిమిలో నిలబడ్డంత వేడి. ఎవరి బొట్టు ఎవరికి వెళ్లిందో సరిచూసేది ఇవేనట. సరిచూసినందుకు కూలిగా కొత్త బొట్లు పుడతాయి. వాటిని మిషను వాటాదారులు పంచుకుంటారు. అప్పలనర్సమ్మకూ వాటా ఉంది. మిషన్లు వేడెక్కి చావకుండా చుట్టూ గొట్టాల్లో నీళ్లు తిప్పుతారు. ఉప్పునీళ్లయితే గొట్టాలు తుప్పు పడతాయి గనుక మంచినీళ్లు. ఆ నీళ్లు ఆవిరై పైకప్పు చిల్లుల్లోంచి వెళ్లిపోతున్నాయి.

ఆమె చెప్పింది ఒకటికి రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. నీళ్లు తక్కువయ్యాయి గనుక బొట్టు ధర పెరుగుతోంది. ధర పెరుగుతోంది గనుక ఇంకా మిషన్లు తెస్తున్నారు. మిషన్లు తాగుతున్నాయి గనుక నీళ్లు తక్కువవుతున్నాయి.

"అంటే మంచినీళ్లకు గుర్తుగా ఉండే నాణెం తయారు చెయ్యడానికి మంచినీళ్లు ఆవిరి చేస్తున్నారన్నమాట" అన్నాను.

"మరేటి" అంది ఆమె, చెమట తుడుచుకుంటూ. "దాహమేసేకొద్దీ లాభం అన్నియ్యా. ఇంత సులువైన యాపారం ఎక్కడైనా ఉందేటి?"

ఒక పూట కూటి కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాణ్ణి నేను ఇన్నేళ్లు పల్పిటు మీద నిలబడి తిట్టాను. పాపం, వాడికి కనీసం చిక్కుడుకాయల కూర దక్కింది.

మంచు నెల, నాలుగో ఆదివారం

ఆరాధనకు జనం కిక్కిరిసి వచ్చారు. మందిరంలో ఫోను సంకేతం బాగా అందుతుందట.

ధాన్యం కొట్లు పడగొట్టి అంతకంటే పెద్దవి కట్టుకుందామనుకున్న ఆసామి కథ బోధించాను. ఆ రాత్రే ప్రాణం అడగబడింది అనేచోట గొంతు పెంచాను. సరిగ్గా అప్పుడే వెనక బల్ల మీంచి ఎవరో స్తోత్రం అని కేక వేశారు. నా బోధ పనిచేసిందని పొంగిపోయాను. ధర పెరిగిందట.

చెంబు కానుక తెచ్చింది నేనొక్కణ్ణే. నేను పోసినది తొట్టి అడుగున ఒక మూలకు జారి ఆగిపోయింది. పలక మీది అంకె మాత్రం ఎంత పెద్దదైందంటే చివరి సున్నాలు గోడ మలుపు తిరిగి రెండో గోడ మీదికి వెళ్లాయి. ఈ సముద్రం మీద మనంత ధనిక సంఘం లేదని పెద్దలు ప్రకటించి నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. నాలుక పిడచగట్టి ఆమేన్ సరిగా పలకలేదు.

కోత నెల, మొదటి సోమవారం

ఈ రోజు తాళాలు తెరిచే రోజు. పండుగకు ముందు ఇలా ఒక్కసారి, మధ్యాహ్నం దాకా తెరుస్తారు. కావలసినవారు బొట్లు తీసుకోవచ్చు, లేకపోతే మళ్లీ తాళం.

అక్క నన్ను పిలిపించింది. బావ బొట్ల విలువ కిడ్నీ ఖరీదుకు చేరిందట. అక్క ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. బావ కొత్త చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఫోను చూస్తున్నాడు. అమ్మేసి పడవ ఎక్కండని చెప్పాను. అక్క అప్పటికే పెట్టెలో రెండు చీరలు సర్దుకుంది.

మధ్యాహ్నం దాటినా బావ తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

ఏమైందని అడిగితే నెమ్మదిగా, ఎంతో ప్రేమగా చెప్పాడు. "పండుగ దాకా ఆగితే రెండు కిడ్నీలకి వస్తాది బామ్మర్దీ. దేవుడు మనిషికి రెండిచ్చినాడు. మీ అక్కకి నాను ఒకటే కొనాలేటి?"

అక్క పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

కోత నెల, రెండో గురువారం

పంపు వారానికొకసారి. పక్క తెప్పలో పెళ్లికి పిలిస్తే వెళ్లాను. ఎండుచేపల వేపుడు, ఉప్పు రొయ్యలు, ఆవకాయ. తాగడానికి ఏమీ లేదు. పెళ్లికొడుకు తండ్రి బంతి బంతికీ వచ్చి తన బొట్ల విలువ చెప్పి, మొహమాటపడకుండా తినండని బతిమాలాడు. అందరూ పొలమారుతూనే అతని అదృష్టాన్ని మెచ్చుకున్నారు.

వల పిండుతుంటే ఒకాయన ఆగి చూశాడు. నీళ్ల కోసం ఆగాడనుకుని చెంబు అందించాను. తాగాడు. తాగి, ఇంత పేదరికం ఎలా భరిస్తున్నావని జాలిపడ్డాడు.

కోత నెల, మూడో శుక్రవారం

అక్క మిషను ఈ వారం నడవలేదు. పంపు నీళ్లు రాలేదు. కాళ్లు వాచాయి, కళ్ల కింద వాచింది, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోంది. ఆసుపత్రి నర్సు వచ్చి చూసి, ఆదివారం దాటితే తను చెప్పగలిగేది ఏమీ లేదని బావను బయటికి పిలిచి చెప్పింది.

బావ ఇల్లిల్లూ తిరిగాడు. బొట్లు కాదు, నీళ్లు అడిగాడు. ప్రతి ఇంట్లోనూ గౌరవంగా కూర్చోబెట్టి, అంతా తాళంలో ఉంది, పండుగ తర్వాత రమ్మన్నారు. ఒకరు పదివేల బిందెల ఆసామి. ఆయన ఇంట్లో పిల్లవాడు తడిగుడ్డ చప్పరిస్తూ కనిపించాడట. నా వల నీళ్లు రోజూ పంపుతున్నాను, అవి అక్క గొంతు తడపడానికి సరిపోతున్నాయి. మిషనుకు పది బిందెలు కావాలి.

మందిరంలో తొట్టి అడుగున పాచి ఎండి పొరలుగా లేస్తోంది. దాన్ని చూస్తూ నిలబడి, తలెత్తి గోడ మీది అంకె చూశాను. అప్పుడు తట్టింది. కానుకకు తాళం వెయ్యకూడదని సంఘం పాత నియమం. పాలెంలో తాళం లేని బొట్లున్నది దేవుడి దగ్గరే. వాటిని తీసే అధికారం నా చేతిలో ఉంది. జబ్బుపడ్డవాళ్ల కోసం ఖర్చుపెట్టడానికే అది నాకిచ్చారు.

పది బొట్లు ఫోనులో వేసుకుని ప్లాంటుకు వెళ్లాను.

అప్పలనర్సమ్మకు చూపించి పది బిందెల నీళ్లు ఇమ్మన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని.

"బొట్లకి నీళ్లా? నాను ఇక్కడ సేరినకాణ్ణుంచి ఒక్కలూ అడగనేదు."

"దాని మీద రాసి ఉంది కదా."

"రాసుంది. నాను కాదన్నానేటి." ఆమె కుర్చీలోంచి లేచి తలుపు వేసింది. తర్వాత చెప్పింది అంతా గొంతు తగ్గించే చెప్పింది. నీళ్ల ట్యాంకు ఖాళీ. వచ్చే ప్రతి చుక్కా మిషన్ల గదికే వెళ్తోంది, అదీ బొటాబొటీగా. పది బిందెలు ఇవ్వాలంటే పెద్ద తూము ఇటు తిప్పాలి. తిప్పితే మిషన్లు వేడెక్కి ఆగిపోతాయి. అవి ఆగితే బొట్టు కదలదు. గట్టు మీది వర్తకులు గంట ఆగరు, అందరూ ఒకేసారి అమ్మేస్తారు.

"పది బిందెల కోసం పాలెం మొత్తాన్ని ముంచీమంటావేటి అన్నియ్యా?" అంది. మళ్లీ తనే, "మీ అక్క కిడ్నీ సొమ్ము కూడా అందులోనే పోతాది. అడిగి రా. అడిగినాక వస్తే నాను నియమం తప్పను."

ఇన్ని కోట్ల విలువ గల సంపద పది బిందెల బరువు మొయ్యలేదన్న సంగతి పాలెంలో ఆమెకొక్కదానికే తెలుసు. తెలిసీ వాటా అమ్మలేదు. పండుగ ముందు అమ్ముదామనుకుందట.

కోత నెల, మూడో శనివారం

అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. బావ ఆమె పాదాల దగ్గర కూర్చుని వాపు మీద చేత్తో రాస్తున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తూము తిప్పితే ఈ రోజు నీళ్లొస్తాయి, కొత్త కిడ్నీ ఎప్పటికీ రాదు. తిప్పకపోతే సోమవారం పండుగ, తాళాలు తెరుస్తారు.

బావ నా చేతులు పట్టుకున్నాడు. రెండే రోజులు, సోమవారం పొద్దున్నే అమ్మేసి పడవలో తీసుకెళ్తానన్నాడు. ఒక్కటే కొంటానన్నాడు, రెండోది వద్దన్నాడు. ఆ మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా ఎడమ చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది.

అక్క ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది. "సిన్నప్పుడు మనకి అమ్మ సెప్పేది గుర్తుందేట్రా తమ్ముడూ, ఎడారిలో ఆకాశం నుంచి రాలిన మన్నా కత? రేపటికని దాసినోళ్ల కుండలో పురుగులు పడ్డాయని?"

గుర్తుంది అన్నాను.

"మీ బావ దాసింది నా నీళ్లురా. ఆ కిడ్నీ వొస్తే వొచ్చింది. నాకు ఇయ్యాల నీళ్లు కావాల."

బావ ఫోను బోర్లా పెట్టాడు.

నేను తిరిగి వెళ్లేసరికి అప్పలనర్సమ్మ పది బిందెలు కడిగి తూము కింద వరసగా పెట్టి ఉంచింది. పది బొట్లూ తీసుకుని రసీదు ఇచ్చింది. తూము చక్రం మాత్రం నువ్వే తిప్పుకోమంది. తనకూ పిల్లలున్నారని చెప్పి అటు తిరిగి నిలబడింది.

చక్రం తుప్పుపట్టి కదల్లేదు. పక్కన పడున్న గొలుసు ముక్కతో కొట్టాను. కదల్లేదు. రెండోసారి కొడితే తిరిగింది. ఎడారి జనాన్ని నడిపించిన ప్రవక్త కూడా దాహంతో గొణిగే జనం కోసం బండను రెండుసార్లే కొట్టాడు. నీళ్లు వచ్చాయి, జనం తాగారు. అలా కొట్టినందుకు ఆయన మాత్రం వాగ్దాన దేశంలో అడుగుపెట్టకుండా పోయాడు. ఆ సంగతి నాకు గొలుసు ఎత్తకముందే గుర్తుంది.

ఎనిమిదో బిందె నిండుతుండగా గది లోపల మిషన్ల హోరు సన్నబడింది. పదో బిందెకు పూర్తిగా ఆగింది. అంత నిశ్శబ్దం విని ఎన్నాళ్లయిందో. ఇద్దరం బిందెలు పడవలోకి చేరవేశాం. నర్సు మిషను బిగించింది. సాయంత్రానికి అక్క పడుకుని నిద్రపోయింది.

కోత నెల, నాలుగో ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మిషన్లు ఆగాయి గనుక వాటి నీళ్లు ట్యాంకులోకి మళ్లాయి. ట్యాంకు నిండి కుళాయిల్లోకి వచ్చాయి. కుళాయిల్లో నీళ్లున్నచోట బొట్టుకు కరువు లేదు, కరువు లేని బొట్టుకు ధర లేదు. నిన్న పొద్దున మన పాలెం సముద్రం మీద అందరికంటే ధనిక పాలెం, దాహంతో చస్తోంది. ఈ రోజు అందరికంటే పేద పాలెం, ప్రతి ఇంటి ముందూ తడి బట్టలు ఆరుతున్నాయి. ఈ రెంటిలో ఏది దుర్దశ అన్న విషయం మీద సభలో ఈ ఉదయం పెద్ద చర్చ జరిగింది. రెండోదే అని తేల్చారు.

నా మీద ఆరోపణలు చదివారు. దేవుడి సొమ్ముతో పాలెం సంపద నాశనం చేశానట. ఒక్కొక్కరే లేచి తిట్టారు. తిట్టి తిట్టి గొంతు ఆరితే మధ్యలో కూజాలోంచి నీళ్లు పోసుకుని తాగి మళ్లీ మొదలుపెట్టారు. ఆ నీళ్లు ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నన్ను మందిరం నుంచి తీసేశారు. ఈ పుస్తకం రేపు అప్పజెప్పాలి. గోడ మీది అంకె ఇప్పుడు మొదటి గోడలోనే సరిపోతోంది, ఇంకా చాలా చోటు మిగిలింది.

అక్కకు కొత్త కిడ్నీ రాదు. బతికినన్నాళ్లూ ఆ మిషనే. అది నా చేతి మీదుగా జరిగింది, దానికి ఏ వాక్యమూ అడ్డం పెట్టుకోను.

కోత నెల, నాలుగో సోమవారం

పుస్తకం అప్పజెప్పేముందు చివరి మాట.

కోతల పండుగ, తాళాలు తెరిచే రోజు ఈ రోజే. బావ బొట్లన్నీ తిరిగి వచ్చాయి, సగానికి సగం లాభంతో సహా. వాటన్నిటికీ కలిపి ఒక పొడుగు గొలుసు వచ్చింది. దాన్ని మందిరం తెప్పకు బిగించి పెట్టాడు, పాతది తుప్పుపట్టిందని నేనన్నది గుర్తుపెట్టుకుని.

నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి వల కట్టడం నేర్పమన్నాడు. నేర్పాను. తెల్లవారి ఇద్దరం అక్క ఇంటి ముందు వల పిండాం. బావకు చెయ్యి తిరగలేదు, సగం నీళ్లు మోచేతుల మీంచి కారిపోయాయి. అయినా రెండు చెంబులు వచ్చాయి. ఒకటి అక్కకు అందించాడు. రెండోదాని మీద మూత పెట్టి, చుట్టూ చూసి, మంచం కిందికి తోశాడు.

ఎందుకు అని అడిగాను.

"ఏం లేదు బామ్మర్దీ. మిషన్లు బాగు సేయిస్తారంటన్నారు. మళ్లీ నీళ్లు తక్కువయితే దీనికి మంచి దర పలుకుతాదేమో, సూద్దామని."

నేను నోరు తెరిచాను. ఎడారి, మన్నా, కుండ, పురుగులు, అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. అంతలో అక్క మంచం మీంచే వంగి, చెంబు బయటికి లాగి, మూత తీసి, బావ కళ్లలోకి చూస్తూ గటగటా తాగేసింది.

తర్వాత ఖాళీ చెంబు ఆయన చేతికిచ్చి, "ఎల్లు, ఇంకోసారి పిండు" అంది.